దేశదిమ్మరి, గృహస్థు

1968 సెప్టెంబరులో అమెరికా టెలివిజనులో ఒక చర్చ జరిగినది. చర్చనీయాంశం హిప్పీలు. నిర్వాహకుడు విలియం బక్లీ. 1955లో ‘నేషనల్ రివ్యూ’ పత్రికను స్థాపించి, ఆ దేశపు కన్సర్వేటివ్ పక్షానికి ఒక భాషనూ ఒక హుందానూ సమకూర్చిన మనిషి. ఆయన ఎదుట ముగ్గురు ఆసీనులైనారు. హిప్పీలను గురించి పరిశోధన చేసిన లూయిస్ యబ్లాన్‌స్కీ అనే సమాజశాస్త్రవేత్త ఒకరు. ఎడ్ శాండర్స్ అనే యువకవి మరొకరు. మూడవవాడు జాక్ కెరువాక్. ఏ ‘ఆన్ ది రోడ్’ నవల చదివి ఒక తరం యువకులు సంచి భుజాన వేసుకొని ఇల్లు విడిచినారో, ఆ నవలను వ్రాసినవాడు.

నాడు కెరువాక్ త్రాగి వచ్చినాడు. మాట తడబడుతున్నది. అయినా చెప్పదలచినది దాచుకొనలేదు. తాను కాథలిక్కునని, తాను నమ్మినది క్రమాన్నీ కారుణ్యాన్నీ భక్తినీ అని, తన తరం పేరుకు తిరుగుబాటు అన్న అర్థాన్ని తగిలించినవారు వేరే ఉన్నారని చెప్పినాడు. శ్రోతలలో అతని పాత మిత్రుడు అలెన్ గిన్స్‌బర్గ్ కూర్చొని ఉన్నాడు. వారిరువురి మధ్య అప్పటికే ఎడము ఏర్పడినది. మరుసటి సంవత్సరం అక్టోబరు 21న, 47 ఏండ్ల వయస్సులో, ఫ్లారిడాలో కెరువాక్ మరణించినాడు.

ఈ దృశ్యానికి సాహిత్య చరిత్రకారులు సాధారణంగా ఇచ్చే సమాధానం ఒకటున్నది. మద్యం అతని బుద్ధిని చెరిచినదట; ముసలితల్లి చాటున బ్రతుకుతూ పిరికివాడైపోయినాడట; యౌవనంలో విప్లవించినవాడు నడివయస్సులో వెనుకంజ వేసినాడట. ఈ సమాధానం నాకు తృప్తి కలిగించదు. ఒక రచయిత తన పుస్తకాలను గురించి తానే ఒక మాట చెబుతున్నప్పుడు, అతడు త్రాగి ఉన్నాడు గనుక ఆ మాటను వినవలసిన పని లేదనడం విమర్శ అనిపించుకొనదు. పుస్తకాలు మన ఎదుట ఉన్నవి గదా, వాటిని అడిగి చూడవచ్చును.

ఇది మనకు బొత్తిగా సంబంధించని పరదేశపు ముచ్చట కూడా కాదు. 1965లో హైదరాబాదులో ఆరుగురు కవులు దిగంబర కవులన్న పేరుతో తమ మొదటి సంపుటిని ఒక రిక్షా కార్మికుని చేత ఆవిష్కరింపజేసినప్పుడు, ఇది అమెరికా బీట్ కవులకు అనుకరణమన్న మాట ఇక్కడ గట్టిగానే వినవచ్చినది. గిన్స్‌బర్గ్ 1962, 63 సంవత్సరాలలో కలకత్తాలోనూ కాశీలోనూ నివసించి వెళ్ళినవాడు కావడం ఆ మాటకు బలమిచ్చినది. అనుకరణమా కాదా అన్న వాదం జరిగినంతగా, ఆ అనుకరింపబడినదని చెప్పబడే వస్తువు ఏమిటన్న విచారణ జరుగలేదని నా అభిప్రాయం. గడ్డమూ, గంజాయీ, విచ్చలవిడితనమూ అని ఒక బొమ్మ గీసుకొని దానితోనే సరిపెట్టుకొన్నాము. హిప్పీ అంటే సంప్రదాయానికి శత్రువు అన్న సమీకరణాన్ని అటు అభిమానులూ ఇటు ద్వేషులూ ఒకే విధంగా ఒప్పుకొన్నారు.

‘ఆన్ ది రోడ్’ 1951 ఏప్రిల్‌లో మూడు వారాలలో, అతికించిన కాగితపు చుట్టమీద, సుమారు 120 అడుగుల పొడవున టైపు చేయబడినది. 1957లో వెలువడినది. ఈ కథలో కథకుడు సాల్ పారడైజ్ అమెరికా ఖండాన్ని ఈ చివరనుండి ఆ చివరకు పలుమార్లు చుట్టివస్తాడు. అతనిని నడిపించేది డీన్ మోరియార్టీ అనే నిలకడలేని స్నేహితుడు. వేగమూ, జాజ్ సంగీతమూ, దొంగిలించిన కారులూ, విడిచిపెట్టిన భార్యలూ—ఇవి నవలలో ఉన్నమాట నిజం. అయితే ప్రతి ప్రయాణం ఎక్కడ ముగుస్తున్నదో గమనించిన పాఠకులు తక్కువ. న్యూజెర్సీలోని పాటర్సన్ పట్టణంలో ఒక ఇల్లున్నది. అక్కడ సాల్ యొక్క ‘ఆంట్’ ఉన్నది. (ఆమె మేనత్తో, పినతల్లో ఇంగ్లీషు చెప్పదు. తెలుగులోకి తెచ్చేవాడు నిర్ణయించుకొనక తప్పదు. ఆమె రచయిత తల్లికి మారుగా నిలిచిన పాత్ర గనుక నేను పినతల్లి అంటున్నాను.) సాల్ అలసిపోయినప్పుడల్లా చేరేది ఆ ఇంటికే. డబ్బు చాలనప్పుడు జ్ఞాపకం వచ్చేది కూడా ఆమెయే.

నవలలో మరొక దారం కూడా ఉన్నది. డీన్ తన తండ్రికోసం వెదుకుతుంటాడు. ఆ తండ్రి డెన్వరు వీథులలో త్రాగి తిరిగే నిరుపేద. పుస్తకం ముగిసేవరకు అతడు దొరకడు. చివరి పుటలలో సాల్ తలపోతలో డీన్‌తోపాటు, దొరకని ఆ తండ్రి కూడా మెదలుతాడు. తండ్రులను కూలద్రోయడానికి వ్రాసిన పుస్తకమైతే తండ్రికోసం ఇంత వెదుకులాట దేనికి? పోగొట్టుకొన్న ఇంటికై వగచినవాని పుస్తకమది. దానిని ఇల్లు తగులబెట్టమన్న పిలుపుగా చదువుకొన్నారు.

కెరువాక్ బాల్యం తెలిసినవారికి ఇది ఆశ్చర్యం కలిగించదు. మసాచుసెట్స్‌లోని లోవెల్ అనే మిల్లుల ఊరిలో, కెనడానుండి వచ్చి స్థిరపడిన ఫ్రెంచి కాథలిక్ కుటుంబంలో 1922లో పుట్టినాడు. ఇంటిలో ఫ్రెంచి; బడికి వెళ్ళిన తరువాతనే ఇంగ్లీషు. అన్న జెరార్డ్ తొమ్మిదేండ్ల వయస్సులో మరణించినాడు. ఆ అన్నను పుణ్యపురుషునిగా నిలిపి అతడు ‘విజన్స్ ఆఫ్ జెరార్డ్’ అన్న పుస్తకం వ్రాసినాడు. అది 1963లో ప్రకటితమైనది. ‘బీట్’ అన్న పదానికి చితికిపోయిన అన్న అర్థాన్ని లోకం తీసుకొన్నది. అతడు మాత్రం లోవెల్‌లోని ఒక చర్చిలో కూర్చున్నప్పుడు తనకు అందులో ‘బియాటిఫిక్’, అనగా దివ్యానంద భరితమైన అన్న అర్థం స్ఫురించినదని 1959లో ఒక వ్యాసంలో వివరించినాడు. ‘ది ధర్మ బమ్స్’ (1958) ఆరంభంలో సరకుల రైలుపెట్టెలో తటస్థపడే బక్క బికారి సెయింట్ తెరెసా ప్రార్థన వ్రాసి ఉన్న కాగితాన్ని వెంట ఉంచుకొంటాడు. ‘బిగ్ సర్’ (1962)లో మతి చలించిన రాత్రి కథకునికి కనబడేది సిలువ. బౌద్ధం చదివినాడు, ధ్యానం చేసినాడు. కాని ఆపదలో నోటికి వచ్చినది చిన్ననాటి మతమే. 1968లో బక్లీ ఎదుట కూర్చున్న మనిషి ఏ మార్పు చెందినవాడూ కాడు. మొదటి పుస్తకంలోనే ఉన్న విషయాన్ని చివరకు, త్రాగిన నోటితో, పెళుసుగా చెప్పినాడు.

ఇంతవరకు చెప్పినదానితో కెరువాక్ ఒక్కడే అపవాదమని ఎవరైనా అనవచ్చును. హిప్పీ ఉద్యమం అతనికి పదేండ్ల తరువాతిది. 1967 జనవరి 14న శాన్ ఫ్రాన్సిస్కోలోని గోల్డెన్ గేట్ పార్కులో వేలాది యువకులు సమావేశమైనప్పుడు అతడక్కడ లేడు. గిన్స్‌బర్గ్ ఉన్నాడు, గారీ స్నైడర్ ఉన్నాడు. వేదికమీద మంత్రపఠనం జరిగినది, శంఖం పూరించబడినది. శంఖమెందుకు, మంత్రమెందుకు? తాతముత్తాతల ఆచారాలను వదలినవారు వేరొకరి తాతముత్తాతల ఆచారాలను అరువు తెచ్చుకొనడం అక్కడ కనబడుతున్నది. మన దేవాలయంలో పూజారి చేసే పనిని వారు పచ్చికబయలులో చేసినారు. మనకది వేషంగా తోచవచ్చును. వేషంలో కూడా ఆకలి ఉండవచ్చును.

ఆ ఆకలిని అందరికంటె బాగా కనిపెట్టినది వారితో ఏ సానుభూతీ లేని ఒక రచయిత్రి. జోన్ డిడియన్ శాక్రమెంటోలోని పాత కాపుకుటుంబంలో పుట్టినది. 1964 ఎన్నికలలో కన్సర్వేటివ్ అభ్యర్థి బారీ గోల్డ్‌వాటర్‌కు మనసారా వోటు వేసినానని అనంతర కాలంలో తానే వ్రాసుకొన్నది. ఆమె 1967 వసంతంలో శాన్ ఫ్రాన్సిస్కోలోని హైట్-ఆష్‌బరీ వీథులలో తిరిగి, యేట్స్ కవితనుండి పేరు తీసుకొని, ‘స్లౌచింగ్ టువర్డ్స్ బెత్లెహెమ్’ అన్న వ్యాసం వ్రాసినది. అందులో ఐదేండ్ల పసిపాపకు మత్తుమందు పెట్టిన తల్లి ఉన్నది. చదివినవారెవరూ ఆ పుటను మరువలేరు. కాని ఆమె తీర్పు ఆ తల్లితో ఆగిపోలేదు. ఈ పిల్లలు ఏ సమాజాన్నీ ధిక్కరించినవారు కారు, ధిక్కరించడానికి సమాజమంటూ ఒకటి వారికి అందలేదు, పెద్దమ్మలూ మేనత్తలూ ఇరుగుపొరుగులూ కుటుంబవైద్యుడూ కూడి అల్లే ఆ వల వారు పుట్టేనాటికే తెగిపోయినది—ఇదీ ఆమె పరిశీలన సారాంశం. ఆట నియమాలను పిల్లలకు చెప్పడం పెద్దలే మానుకొన్నారన్నది ఆమె అభియోగం. సంప్రదాయవాదియైన రచయిత్రి చేసిన ఈ నిర్ణయం, హిప్పీలను తిట్టిన వేయి సంపాదకీయాలకంటె వారికి దగ్గరగా వచ్చినది.

ఇక రెండవ పక్షాన్ని చూడవలసి ఉన్నది. కన్సర్వేటివ్ రాజకీయమన్నప్పుడు మనం ఒక్క వస్తువును గురించి మాట్లాడుతున్నామనుకొనడం పొరపాటు. ఆ పదానికి ధాత్వర్థం కాపాడడం. దేనిని కాపాడడం?

రస్సెల్ కర్క్ అనే పండితుడు 1953లో ‘ది కన్సర్వేటివ్ మైండ్’ అన్న గ్రంథం వెలువరించి, ఎడ్మండ్ బర్క్ మొదలుకొని ఒక పరంపరను నిరూపించినాడు. సమాజమనేది బ్రతికియున్నవారు మాత్రమే చేసుకొనే ఒప్పందం కాదని, గతించినవారికీ పుట్టబోయేవారికీ అందులో భాగమున్నదని బర్క్ 1790లోనే చెప్పినదానికి కర్క్ వ్యాఖ్యాత. మనకిది కొత్త భావం కాదు. పితృఋణమని మనవారు పేరు పెట్టినారు. కర్క్ మిషిగన్ రాష్ట్రంలోని మెకోస్టా అనే పల్లెలో, పెద్దలనాటి ఇంటిలో కాపురముండి చెట్లు నాటినాడు. మోటారు కారును ఫ్రెంచి విప్లవకాలపు జాకొబిన్‌తో పోల్చినాడు. ఏ విప్లవకారుడూ చేయలేనంతగా కుటుంబాన్నీ పల్లెనూ ఆ యంత్రం ఛిన్నాభిన్నం చేసినదని ఆయన ఆవేదన. ఇప్పుడు ‘ఆన్ ది రోడ్’ను తలచుకొనండి. నవలంతా కారు చక్రాలమీద నడిచినది. హిప్పీ ఉద్యమపు ఆదిగ్రంథంలోని అసలు నాయకుడు, కర్క్ దృష్టిలో, ఆ జాకొబిన్ యంత్రమే! డిట్రాయిట్ కర్మాగారాలు తయారుచేసి అమ్మిన వస్తువు లేకుండా ఆ స్వేచ్ఛ లేదు. ఈ వ్యంగ్యం హిప్పీలకు పట్టలేదు. కర్క్ అభిమానించిన పక్షంవారికి మాత్రం పట్టినదా? పెద్ద రహదారులనూ పెద్ద వ్యాపారాలనూ పెంచుతూ వచ్చినవారిలో వారు వెనుకబడినవారు కారు.

ఆ పక్షంలోని చీలిక ఇక్కడ బయటపడుతున్నది. ఒక కొమ్మ ఊరినీ ఇంటినీ గుడినీ కాపాడమంటున్నది. రెండవ కొమ్మ వ్యాపార స్వేచ్ఛను కాపాడమంటున్నది. వ్యాపార స్వేచ్ఛ ఊరిని మిగలనీయదు. ఈ వైరుధ్యాన్ని ప్రత్యక్షంగా చూపిన ఘట్టం వ్యవసాయ రంగంలో సంభవించినది. 1971 నుండి 1976 వరకు నిక్సన్, ఫోర్డ్ ప్రభుత్వాలలో వ్యవసాయ మంత్రిగా ఉన్న ఎర్ల్ బట్జ్, చిన్నరైతు పెరగవలెను, లేదా తప్పుకొనవలెనన్న విధానానికి మారుపేరైనాడు. ఆయనది సంప్రదాయపక్షమని పేరుపడిన ప్రభుత్వం. దానిని ఎదిరిస్తూ 1977లో ‘ది అన్‌సెట్లింగ్ ఆఫ్ అమెరికా’ అన్న గ్రంథం వ్రాసిన వెండెల్ బెరీ కవి, నవలాకారుడు, కెంటకీలో గుఱ్ఱాలతో పొలం దున్నుకొనే రైతు. అదే సంవత్సరం ఇండియానాలోని ఒక కళాశాలలో వారిరువురూ ఒకే వేదికమీద వాదించుకొన్నారు. ఊరిని కాపాడమన్నవాడు రైతు. ఊరిని ఖాళీచేయించే విధానాన్ని సమర్థించినవాడు సంప్రదాయ ప్రభుత్వపు మాజీ మంత్రి. ఎవరు కన్సర్వేటివ్ అని అడిగితే నిఘంటువు ఒక సమాధానం చెబుతుంది, వోటర్ల జాబితా మరొక సమాధానం చెబుతుంది.

హిప్పీలలోనూ ఇటువంటి చీలికయే ఉన్నది. నా ఇష్టం నాది, నన్నెవ్వరూ అడ్డరాదు అన్నది ఒక విలువ. తక్కువతో బ్రతకాలి, చేతులతో చేసుకొనాలి, మట్టికి దగ్గరగా ఉండాలి అన్నది మరొక విలువ. ఒకే జుట్టు, ఒకే అంగరఖా ధరించి ఉండడంచేత ఈ రెండూ ఒక్కటిగా కనిపించినవి. మొదటిది వ్యాపార స్వేచ్ఛతో ఎంత సులభంగా చేయి కలిపినదో ఆ తరువాతి చరిత్ర చూపినది. 1968లో స్టూవర్ట్ బ్రాండ్ మొదలుపెట్టిన ‘హోల్ ఎర్త్ కెటలాగ్’ పల్లెలకు మరలిపోయే యువకులకు పనిముట్లు సూచించే పుస్తకం. ఆ బృందంలోని ఉత్సాహమే కొంతకాలానికి కంప్యూటరు పరిశ్రమ నడుమ తేలినది. గోల్డ్‌వాటర్‌కు ఉపన్యాసాలు వ్రాసిన కార్ల్ హెస్ పరిణామం దీనికి ఎదురుదిశలో నడిచినది. అతడు పక్షాన్ని విడిచి, వెల్డింగు పని నేర్చి, వాషింగ్టన్ నగరంలోని ఒక పేట జనం తమ ఆహారాన్ని తామే పండించుకొనే ప్రయత్నంలో పాల్గొన్నాడు. ప్రభుత్వం పెత్తనం చేయరాదన్న ఒక్క సూత్రాన్ని పట్టుకొని అతడు కుడినుండి ఎడమకు నడిచినాడు. నడిచినంతసేపూ తాను మారలేదనే చెప్పుకొన్నాడు. నాకు ఈ మనిషిమీద గౌరవమున్నది గాని, ఆ సూత్రం ఒక్కటే ఊరిని నిలుపగలదన్న నమ్మకం లేదు.

రెండవ విలువకు, అనగా మితంగా ఒకచోట బ్రతకడానికి, నిగ్రహం కావలెను. హిప్పీల చరిత్రలో నన్ను అన్నిటికంటె ఆకర్షించిన ఘట్టం వారు నిగ్రహానికి తిరిగి వచ్చిన ఘట్టమే. స్టీఫెన్ గాస్కిన్ అనే ఉపన్యాసకుని వెంట శాన్ ఫ్రాన్సిస్కోనుండి బస్సుల వరుసలో బయలుదేరినవారు 1971లో టెనెసీ రాష్ట్రంలోని సమ్మర్‌టౌన్ వద్ద భూమి కొని ‘ది ఫార్మ్’ అన్న సమష్టి గ్రామాన్ని స్థాపించినారు. మాంసం లేదు, మద్యం లేదు, సొంత ఆస్తి లేదు. కలిసి పడుకొన్న జంటకు నిశ్చితార్థం అయినట్లే; బిడ్డ కలిగితే వివాహమైనట్లే. గర్భస్రావం చేయించుకొనదలచిన స్త్రీలను రమ్మని, బిడ్డను మేము పెంచుతాము, ఎప్పుడు కావలసినా తీసుకొనిపొండని పిలిచినారు. గాస్కిన్ భార్య ఐనా మే నేతృత్వంలో మంత్రసానితనం మరల గౌరవం పొందినది; ఆమె ‘స్పిరిచ్యువల్ మిడ్‌వైఫరీ’ గ్రంథం 1975లో వచ్చినది. మన పల్లెలో మంత్రసానికి ఏమైనదో ఎరిగినవారు ఈ గ్రంథాన్ని చదివితే మనస్సు కలత చెందుతుంది. అక్కడ చుట్టుపట్లవారు నిష్ఠగల క్రైస్తవ రైతులు. గంజాయి పండించిన నేరానికి గాస్కిన్ జైలుకు కూడా వెళ్ళినాడు. అయినా ఆ ఆచారాల పట్టికను పేరు చెప్పక చదివి వినిపిస్తే, చాలమంది దానిని ఏ ఛాందస క్రైస్తవ శాఖదో అనుకొంటారు. కాగా రాజకీయంగా గాస్కిన్ 2000లో గ్రీన్ పార్టీ తరఫున అధ్యక్షాభ్యర్థిత్వం ఆశించినవాడు. నడవడి ఒక దిక్కున, వోటు మరొక దిక్కున! ఆ సమష్టి గ్రామం కూడా అప్పులతో క్రుంగి 1983లో ఎవరి సంపాదన వారిదన్న పద్ధతికి మారవలసివచ్చినది.

గారీ స్నైడర్ దారి ఇంకా కఠినమైనది. ‘ది ధర్మ బమ్స్’లో జాఫీ రైడర్ అన్న పాత్రకు మూలపురుషుడతడే. సంచులు భుజాన వేసుకొని కొండలెక్కే యువకుల విప్లవమొకటి రానున్నదని ఆ నవలలో కలగన్నది ఆ పాత్రయే. అసలు మనిషి మాత్రం జపానుకు వెళ్ళి క్యోటో నగరపు జెన్ మఠాలలో గురుశుశ్రూష చేసినాడు. అమెరికా ఇంటిలో ఏ తండ్రీ విధించనంత క్రమశిక్షణను స్వయంగా వెదుకుకొని వెళ్ళినాడు. తిరిగి వచ్చి 1970లో కాలిఫోర్నియాలోని సియర్రా నెవాడా కొండపాదంలో ఇల్లు కట్టుకొని అక్కడనే ఉండిపోయినాడు. ఆ తరువాత అతడు వ్రాసిన వచనమంతా ఒకచోట నిలిచి ఉండడాన్ని గురించినదే. ‘టర్టిల్ ఐలండ్’ (1974) కవితలకు 1975లో పులిట్జర్ బహుమతి లభించినది.

అట్లని స్నైడర్‌ను సంప్రదాయపక్షంలో కలిపివేయడం దొంగలెక్క అవుతుంది. ఆ సంపుటంలోనే చేర్చిన ‘ఫోర్ చేంజెస్’ అన్న ప్రకటనలో ప్రపంచ జనాభా సగానికి తగ్గాలన్నాడు. వివాహంలో సమష్టి రూపాలను కూడా పరీక్షించి చూడమన్నాడు. దీనిని ఏ చర్చి మతాధికారి అంగీకరిస్తాడు? బెరీ కూడా అంగీకరించినవాడు కాడు. ‘ది అన్‌సెట్లింగ్ ఆఫ్ అమెరికా’లో అతడు దాంపత్యనిష్ఠకూ నేల సంరక్షణకూ మూలం ఒక్కటే అని వాదించినాడు. ఒక స్త్రీతో, ఒక పొలంతో కడవరకు నిలువలేనివాడు దేనినీ పోషించలేడన్నది అతని భావం. స్వేచ్ఛాప్రణయం అతని కంటికి అంగడిలోని మరొక సరకు. ఇన్ని భేదాలున్నా బెరీ, స్నైడర్ నలుబది ఏండ్లపాటు ఉత్తరాలు వ్రాసుకొన్నారు. అవి 2014లో ‘డిస్టంట్ నెయ్‌బర్స్’ అన్న పేర పుస్తకంగా వచ్చినవి. ఒకడు బైబిలు చేతబట్టిన రైతు, ఒకడు బౌద్ధుడు. మతాన్ని గురించి వాదులాడుకొంటారు, ఒకరినొకరు ఒప్పించలేరు, మరల పంటలను గురించి, పిల్లలను గురించి, చెట్లను గురించి మాటలాడుకొంటారు. హిప్పీ విలువలూ సంప్రదాయభావమూ ఎక్కడ కలియగలవని నన్ను అడిగితే ఆ ఉత్తరాల పుస్తకాన్ని చూపుతాను. ఏ పక్షపు ప్రణాళికలోనూ ఆ కలయిక నాకు కనబడలేదు. 2006లో రాడ్ డ్రెహర్ అనే కన్సర్వేటివ్ పాత్రికేయుడు తన పక్షంలోని ఇటువంటివారిని గురించి ‘క్రంచీ కాన్స్’ అన్న పుస్తకం వ్రాసి, వారికొక గుర్తింపు తేవడానికి ప్రయత్నించినాడు. గుర్తింపు లభించినది గాని పక్షం మారలేదు.

ఇక్కడ ఒక సందేహాన్ని దాటిపోకూడదు. ఊరు, ఇల్లు, పరంపర అన్న మాటలు తెలుగు పాఠకునికి తీయగా వినిపించినంతనే వెలివాడ జ్ఞాపకం రావలెను. పితృఋణం తీర్చుకొనేవారి పొలంలో పాలేరు ఎవరు? ఊరిని కాపాడమన్నప్పుడు ఊరి వెలుపల ఉంచబడినవారిని ఏమి చేయదలచినారు? ఈ ప్రశ్నకు కర్క్ గ్రంథంలో నాకు చాలినంత సమాధానం దొరకలేదు. బెరీ మాత్రం దానిని తప్పించుకొనలేదు. 1970లో ప్రకటించిన ‘ది హిడెన్ వూండ్’ అన్న పుస్తకంలో, తన పూర్వికులు నల్లజాతివారిని బానిసలుగా ఉంచుకొన్న సంగతిని తన కుటుంబకథనుండే తీసి విచారించినాడు. తాను ప్రేమించే నేలలో ఆ గాయమున్నదని, ఎవరి శ్రమతో ఆ నేలను ఎరుగవలసి ఉండెనో ఆ శ్రమను తమవారు ఇతరులమీదకు నెట్టి నేలకే పరాయివారైనారని వ్రాసినాడు. తన ఊరిని ప్రేమించేవాడు ఆ ఊరి పాపాన్ని వ్రాయడమన్నది సంప్రదాయవాదంలోకెల్లా కష్టమైన భాగం. మన ఆరుగురు కవుల సంపుటాలు మూడింటినీ ఈ వెలుగులో మరల చదువదగునని తోస్తున్నది. వారు తిట్టినది పరంపరనా, పరంపర పేరిట దాచిన గాయాన్నా? ఆరుగురూ తరువాత ఒకే దారిని పోలేదన్నది తెలిసిన విషయమే. కొందరు 1970లో విప్లవ రచయితల సంఘంలో చేరినారు, కొందరు చేరలేదు.

బెరీని కూడా ఒకచోట నేను అంగీకరించలేను. కంప్యూటరు ఎందుకు కొననో వివరిస్తూ 1987లో అతడొక చిన్నవ్యాసం వ్రాసినాడు. పాత టైపురైటరు ఉన్నది, తన వ్రాతను భార్య దానిమీద టైపు చేస్తుంది, అదిచాలునన్నాడు. పాఠకులు, విశేషించి స్త్రీలు, ఆ భార్య శ్రమను గురించి పదునైన లేఖలు వ్రాసినారు. అతడు ఇచ్చిన సమాధానంలో నేర్పున్నది; వారు అడిగినది మాత్రం అలాగే మిగిలినది.

ఈ లేఖలు చదివినప్పుడు నాకు మరల పాటర్సన్ ఇల్లు జ్ఞాపకం వచ్చినది. మన ఆశ్రమవ్యవస్థలో దేశాలు తిరిగే భిక్షువూ ఇల్లు కదలని గృహస్థూ రెండు పక్షాలు కారు. భిక్షువు తిరుగగలిగినది గృహస్థు పొయ్యి ఆరకపోవడంవలన. కెరువాక్ తిరిగిన సంవత్సరాలలో ఆ పొయ్యి ఆరకుండా చూచినది అతని తల్లి గాబ్రియెల్. ఆమె చెప్పుల కర్మాగారంలో కూలిచేసి కుమారుని పోషించినది. నవలలోని పినతల్లి ఎక్కువగా మాటలాడదు. ఆమె అన్న మాట ఒకటి మాత్రం సాల్ జ్ఞాపకం చేసుకొంటాడు: మగవారు తమ ఇంటి స్త్రీలకు చేసిన అపచారాన్ని వంగి ఒప్పుకొనేదాకా ఈ లోకం కుదుటపడదన్న భావం వచ్చే మాట. సాల్ దానిని డీన్‌కు చెబుతాడు. కారు ముందుకు పోతూనే ఉంటుంది.